గెలిచింది అవతలివాళ్లేనట!

శనివారం, డబ్లిన్ నుంచి బెల్‌ఫాస్ట్

డబ్లిన్‌లో ఎంటర్‌ప్రైజ్ రైలెక్కితే రెండు గంటల్లో బెల్‌ఫాస్ట్. మధ్యలో ఒక దేశం అయిపోయి ఇంకో దేశం మొదలవుతుంది. కిటికీకి అతుక్కుపోయి కూర్చున్నా అది ఎక్కడో నాకు తెలియలేదు. ఆవులు, గొర్రెలు, సన్నటి జల్లు, మళ్లీ ఆవులు. ఫోన్‌లో కొత్త నెట్‌వర్క్ వాళ్ల మెసేజ్ వచ్చాక గానీ బ్రిటన్‌లో అడుగుపెట్టిన సంగతి అర్థం కాలేదు. పాస్‌పోర్ట్ అడిగినవాళ్లు లేరు. ఒకప్పుడు ఇదే సరిహద్దు పొడవునా గుట్టల మీద సైన్యం కాపలా బురుజులు ఉండేవి. చిన్న రోడ్లకు అడ్డంగా కాంక్రీటు దిమ్మెలు వేసేవాళ్లు. ఈ పట్టాల మీద బాంబు పెట్టారని రైళ్లు ఆగిపోవడం మామూలే.

మన వి.వి. గిరి గారు లా చదివింది డబ్లిన్‌లోనే. 1913లో వెళ్లారు. బ్రిటిష్ పాలన మీద జరిగిన 1916 ఈస్టర్ తిరుగుబాటు తర్వాత, ఐరిష్ విప్లవకారులతో స్నేహం చేశారన్న అనుమానంతో బ్రిటిష్ ప్రభుత్వం దేశం విడిచి పొమ్మంది. ఆయన వచ్చేసిన అయిదేళ్లకు, 1921లో, ఐర్లండ్ రెండు ముక్కలైంది. ఉత్తరాన ఆరు కౌంటీలను, అంటే ఉత్తర ఐర్లండ్‌ని, బ్రిటన్ తన దగ్గరే ఉంచుకుంది. అక్కడ ప్రొటెస్టెంట్లు ఎక్కువ. వాళ్లలో అత్యధికులు యూనియనిస్టులు, అంటే బ్రిటన్‌తోనే ఉంటామనేవాళ్లు. కాథలిక్కుల్లో అత్యధికులకు ఐర్లండ్ మొత్తం ఒకటి కావాలి. మనిషిని గుర్తుపట్టేది మతంతో. కొట్టుకునేది మాత్రం ఈ నేల ఎవరిది, ఇక్కడ ఇల్లు, ఉద్యోగం, ఓటు ఎవరికి అన్నదాని మీద.

గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌కి మా చెల్లెలి కొడుకు వచ్చాడు. క్వీన్స్ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేస్తున్నాడు. బయటికి రాగానే పక్కనున్న యూరోపా హోటల్ చూపించి, "పెద్దమ్మా, దీనిమీద ముప్పైకి పైగా బాంబులు పేలాయట. ఐరోపాలో ఇదే రికార్డంటూ గర్వంగా చెప్పుకుంటారు" అన్నాడు. ఈ వారమంతా కనబడ్డవాళ్లని ఒకే ప్రశ్న అడగాలనుకుంటున్నాను అన్నాను: 1960ల చివరి నుంచి ముప్పై ఏళ్లు ఇంత రక్తపాతం జరిగింది కదా, చివరికి ఎవరు గెలిచారు? వాడు నా సూట్‌కేస్ లాగుతూ, "పబ్బులో మాత్రం అడక్కు" అన్నాడు.

ఆదివారం, గోడకు ఇటూ అటూ

ఇక్కడ ఒక రకం టూరు ఉంది. గైడ్లిద్దరూ మాజీ ఖైదీలే. కాథలిక్కులుండే ఫాల్స్ రోడ్డు వైపు ఒకప్పటి రిపబ్లికన్, అంటే ఐర్లండ్ ఒకటి కావాలని తుపాకి పట్టినవాడు, తిప్పుతాడు. గోడ గేటు దగ్గర మనల్ని అవతలి లాయలిస్టుకు, అంటే బ్రిటన్ కోసం తుపాకి పట్టినవాడికి, అప్పగిస్తాడు. షాంకిల్ రోడ్డంతా ఆయన బాధ్యత.

మా మొదటి గైడ్ అరవై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పి, చేతిలో మడత గొడుగు. డివిస్ టవర్ దగ్గర మొదలుపెట్టాడు. ఇరవై అంతస్తుల ఆ భవనంలో ఒకప్పుడు కింద జనం కాపురాలు, పైన సైన్యం కాపలా చౌకీ ఉండేవి. 1969 ఆగస్టులో పోలీసుల మెషిన్‌గన్ తూటా ఇక్కడి ఫ్లాట్ గోడలోంచి దూసుకొచ్చి తొమ్మిదేళ్ల పిల్లవాణ్ణి తన గదిలోనే చంపింది. ఆ గది ఎటువైపు ఉండేదో గొడుగు ఎత్తి చూపించాడు.

ఫాల్స్ రోడ్డు మీద నవ్వుతున్న బాబీ శాండ్స్ బొమ్మ గోడంతా ఉంటుంది. ఐఆర్ఏ, అంటే ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ ఖైదీ. మేము నేరస్తులం కాదు, రాజకీయ ఖైదీలం, జైలు బట్టలు వేసుకోం అంటూ 1981లో నిరాహార దీక్షకు కూర్చున్నాడు. దీక్షలో ఉండగానే బ్రిటిష్ పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. 66వ రోజున, మే 5న పోయాడు. అతని వెనకాల ఇంకో తొమ్మిదిమంది. బ్రిటిష్ ప్రధాని థాచర్ దిగిరాలేదు. దీక్షలు ఆగిపోయిన కొద్ది రోజులకే సొంత బట్టలు వేసుకోనిచ్చారు. 58 రోజులు అన్నం ముట్టకుండా 1952 డిసెంబరులో కన్నుమూసిన పొట్టి శ్రీరాములు గారు గుర్తుకు రాకుండా ఎలా ఉంటారు? నాలుగు రోజులకే నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ప్రకటించారు. ఆయన అడిగిన మద్రాసు మాత్రం అందులో లేదు. ఆయన గెలిచారా అంటే మా నాన్నగారి తరంలో ఎవరూ తేలిగ్గా జవాబు చెప్పేవాళ్లు కాదు.

అక్కణ్ణుంచి క్లోనార్డ్ సందుల్లోకి తిరిగాం. కష్మీర్ రోడ్డు, కాన్‌పూర్ స్ట్రీట్, బాంబే స్ట్రీట్! సామ్రాజ్యం వెలిగిన రోజుల్లో పెట్టిన పేర్లు. 1969 ఆగస్టులో అల్లరిమూక వచ్చి బాంబే స్ట్రీట్‌ని కాల్చేసింది. ఇళ్లు మళ్లీ కట్టుకున్నారు గానీ, పెరడు తలుపు తీస్తే ఎదురుగా గోడే. ఒక ఇంటి పెరడు దగ్గరగా చూశాను. వంటింటి కిటికీ పైనుంచి చూరు దాకా ఇనుప వల, కోళ్ల గూడుకి బిగించినట్టు. గోడ అవతలి నుంచి రాళ్లూ సీసాలూ వచ్చి పడకుండా. ఆ వలలో ఎప్పటిదో ఒక గోల్ఫ్ బంతి ఇరుక్కుని ఉంది. వల కింద తాడు మీద పిల్లల యూనిఫాం చొక్కాలు ఆరేసి ఉన్నాయి.

ఈ గోడ పేరు 'పీస్ లైన్'. 1969 సెప్టెంబరులో సైన్యం ముళ్లకంచెతో మొదలుపెట్టింది. ఇది చాలా చాలా తాత్కాలికమని, ఇక్కడ బెర్లిన్ గోడ లేవదని అప్పటి సైన్యాధికారి హామీ ఇచ్చాడు. బెర్లిన్ గోడ 28 ఏళ్లకు కూలింది. ఇది యాభై దాటినా నిలబడే ఉంది. కింద కాంక్రీటు, దాని మీద రేకు, ఆ పైన జాలీ, మొత్తం నాలుగంతస్తుల ఎత్తు. 1998లో శాంతి ఒప్పందం కుదిరాక కూడా ఊళ్లో గోడలు పెరిగాయే గానీ తగ్గలేదు. 2023కల్లా అన్నీ తీసేస్తామని 2013లో ఇక్కడి ప్రభుత్వం ప్రకటించింది. ఆ గడువు కూడా దాటిపోయింది. వద్దనేది ఎక్కువగా గోడ పక్కనే ఉండేవాళ్లట. టూరిస్టులు మార్కర్లతో సంతకాలు పెట్టి శాంతి సందేశాలు రాస్తున్నారు. అక్కడ తెలుగు అక్షరాల్లో ఒక జంట పేర్లు కూడా కనబడ్డాయి, మధ్యలో హృదయం బొమ్మతో. మనవాళ్లు చార్మినార్‌ని వదల్లేదు, దీన్ని వదులుతారా!

లానార్క్ వే గేటు రాత్రిళ్లు మూసేస్తారు. ఆ గేటు దగ్గర మొదటాయన్ని నా ప్రశ్న అడిగాను. కాసేపు గొడుగు తిప్పుతూ నిలబడ్డాడు. "మా పార్టీ మనిషి ఫస్ట్ మినిస్టర్, నిజమే. కానీ ఆ జీతం ఇచ్చేది లండన్ ఖజానా. జైల్లో కూర్చుని మేం కన్న కల ఇది కాదు. తెలివిగా గెలిచింది బ్రిటిష్ వాళ్లే" అన్నాడు. అవతలాయన అప్పటికే వచ్చి నిలబడ్డాడు. ఇద్దరూ తలలూపుకున్నారు, వర్షం గురించి ఒక మాట అనుకున్నారు, అంతే.

రెండో గైడ్ చలాకీ మనిషి, జోకులు ఎక్కువ. షాంకిల్‌లో దీపస్తంభాలన్నిటికీ యూనియన్ జాక్‌లు. జూన్ కదా, జూలై 12 ఊరేగింపులకు తయారవుతున్నారు. 1690లో బాయిన్ నది ఒడ్డున ప్రొటెస్టెంట్ రాజు కాథలిక్ రాజుని ఓడించిన పండగ. మూడు వందల ఏళ్లు దాటిన గెలుపుని ఇంత జోరుగా జరుపుకునేవాళ్లని ఇంకెక్కడా చూడలేదు. ఒకచోట మాత్రం ఆయన జోకులు ఆపేశాడు. 1993 అక్టోబరు 23, శనివారం మధ్యాహ్నం, చేపల దుకాణం నిండా జనం. పైగదిలో లాయలిస్టు నాయకుల సమావేశం ఉందని ఐఆర్ఏ కుర్రాళ్లిద్దరు సరుకు తెచ్చినవాళ్లలా బాంబు పట్టుకొచ్చారు. అది చేతిలోనే పేలింది. పైన సమావేశమే లేదు. చేపలు కొనడానికి వచ్చినవాళ్లూ అమ్మేవాళ్లూ కలిపి తొమ్మిదిమంది, బాంబు తెచ్చినవాళ్లలో ఒకడు పోయారు. సరిగ్గా వారానికి లాయలిస్టులు ప్రతీకారమంటూ గ్రేస్టీల్ అనే ఊళ్లో బార్‌లో కూర్చున్నవాళ్లని ఎనిమిదిమందిని కాల్చేశారు. ఆ రెండో సగం ఆయన చెప్పలేదు.

మొదటాయనా అంతే. డివిస్ ఫ్లాట్ల దగ్గర ఆ పిల్లవాడి గురించి చెప్పాడు గానీ, అవే ఫ్లాట్లలో ఉండే జీన్ మెకాన్విల్ పేరెత్తలేదు. పదిమంది పిల్లల తల్లి, భర్త పోయిన మనిషి. 1972 డిసెంబరులో ఐఆర్ఏ వాళ్లు ఆమెని పిల్లల కళ్లముందే ఎత్తుకుపోయి, చంపి, రహస్యంగా పాతిపెట్టారు. 2003లో గానీ సముద్రపు ఒడ్డున ఎముకలు దొరకలేదు. ఇద్దరూ చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు. ఎవరి కథ ఎక్కడ ఆగిపోతుందో చూసుకోవడమే మనపని.

అదే ప్రశ్న రెండో ఆయన్ని అడిగితే ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "వాళ్లే గెలిచారమ్మా. జైలు నుంచి తిన్నగా మంత్రి కుర్చీల్లోకి. ఈ రోడ్డు చూడండి, మాకేం మిగిలింది?"

కోర్టులో గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడిస్తే, ఓడినవాడు కోర్టులోనే ఏడ్చాడని మన సామెత. ఇక్కడ అదీ సరిపోలేదు. ఏడుపు ఇద్దరికీ ఉంది. దానికితోడు అవతలివాడు నవ్వుతున్నాడన్న నమ్మకం కూడా ఇద్దరికీ ఉంది.

సోమవారం, టైటానిక్

అందరూ చూసేదే మేమూ చూశాం. టైటానిక్ మ్యూజియం బాగుంది, టికెట్ ఖరీదు బాగాలేదు. ఓడ కట్టిన హార్లండ్ అండ్ వుల్ఫ్ యార్డులో ఉద్యోగాలు దాదాపు ప్రొటెస్టెంట్లవే. 1920లో కాథలిక్ కార్మికుల్ని వేలమందిని తరిమేశారు. అలా కాపాడుకున్న ఉద్యోగాల్లో చాలావరకు ఇప్పుడు ఎవరికీ లేవు. పసుపురంగు క్రేన్లు రెండూ ఊరంతటికీ కనబడతాయి. సాయంత్రం మావాడి రూములో పప్పుచారు, బంగాళాదుంప వేపుడు.

మంగళవారం, డెర్రీ

బెల్‌ఫాస్ట్ నుంచి డెర్రీ రైలు దారి కోసమైనా ఈ ప్రయాణం చేయొచ్చు. కాసిల్‌రాక్ దాటాక ఒక పక్క కొండ, ఇంకో పక్క సముద్రం. ఈ ఊరికి యూనియనిస్టులు లండన్‌డెర్రీ అంటారు. మనం ఏ పేరు పలికితే మనం ఎటో వాళ్లే తేల్చేసుకుంటారు. నేను 'ఈ ఊరు' అంటూ రోజంతా గడిపేశాను.

కథ మొదలైంది ఇక్కడే. ఊళ్లో కాథలిక్కులే ఎక్కువ. కౌన్సిల్లో 20 సీట్లుంటే 12 యూనియనిస్టులవి, వార్డుల గీతలు అలా గీశారు. ఇంటిపన్ను కట్టేవాళ్లకూ వాళ్ల భార్య లేక భర్తకూ మాత్రమే స్థానిక ఎన్నికల్లో ఓటు. కంపెనీ ఉన్నవాళ్లకు అదనపు ఓట్లు. ఒకే ఇంట్లో తలదాచుకునే పెళ్లయిన కొడుక్కి ఓటుండదు. ఆ ఇల్లు ఎవరికివ్వాలో నిర్ణయించేది మళ్లీ అదే కౌన్సిల్. 1968 అక్టోబరు 5న డ్యూక్ స్ట్రీట్‌లో కొన్ని వందలమంది ఊరేగింపు తీశారు. మనిషికో ఓటు, న్యాయంగా ఇళ్లు అన్నారు. పోలీసుల లాఠీలు టీవీలో ప్రపంచమంతా చూసింది.

వాళ్లడిగింది ఏమైందో చూడండి. అందరికీ ఓటు ఏడాదిలో ఒప్పుకున్నారు. 1971లో ఇళ్ల కేటాయింపు కౌన్సిళ్ల చేతినుంచి తీసి హౌసింగ్ ఎగ్జిక్యూటివ్‌కి ఇచ్చారు. 1973కి వార్డుల గీతలు మారాయి. గెలుపనేది ఈ కథలో ఎక్కడైనా ఉంటే ఇక్కడే ఉందని నా అభిప్రాయం. చేతిలో అట్టముక్కలు పట్టుకుని నడిచినవాళ్లది. అప్పటికే తుపాకులు బయటికొచ్చేశాయి కాబట్టి ఎవరికీ దాన్ని పండగ చేసుకునే తీరిక లేకపోయింది.

కాథలిక్కుల పేట బాగ్‌సైడ్‌లో ఒంటరిగా నిలబెట్టిన తెల్లటి ఇంటి గోడ ఉంది, 'మీరిప్పుడు స్వేచ్ఛా డెర్రీలో అడుగుపెడుతున్నారు' అని. దాని దగ్గర్లోనే మ్యూజియం. 1972 జనవరి 30, ఆదివారం. విచారణ లేకుండా జైల్లో పెట్టడాన్ని నిరసిస్తూ వేలమంది ఊరేగింపు. పారాచూట్ రెజిమెంట్ సైనికులు కాల్పులు జరిపితే పదముగ్గురు అక్కడే పోయారు, ఇంకొకాయన తర్వాత. అద్దాల పెట్టెలో ఒక కోటు వేలాడుతోంది. మామూలు కోటు, ఆదివారం బయటికెళ్లేటప్పుడు వేసుకునేది. తూటా దూరిన చోట చిల్లు చిన్నది, చుట్టూ దారాలు లేచి ఉన్నాయి. నేను అద్దానికి ముఖం ఆనించి చాలాసేపు చూస్తుంటే మావాడు వెనక్కి లాగాడు.

ఆ ఏడాదే విడ్జరీ అనే జడ్జి హడావిడిగా విచారణ జరిపి, చనిపోయినవాళ్ల దగ్గర ఆయుధాలున్నాయన్న అనుమానం వాళ్ల నెత్తిన రుద్దాడు. కుటుంబాలు వదల్లేదు. 1998లో సావిల్ విచారణ మొదలైంది. పన్నెండేళ్లు, దాదాపు ఇరవై కోట్ల పౌండ్లు. 2010 జూన్ 15న నివేదిక వచ్చింది. చనిపోయినవాళ్లలో ఎవరూ ప్రాణహాని తలపెట్టలేదని తేల్చింది. ప్రధాని కామెరాన్ పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. ఊరి టౌన్‌హాల్ అయిన గిల్డ్‌హాల్ ముందు పాత విడ్జరీ నివేదికను చింపేశారు. మరి కాల్చినవాళ్ల సంగతి? కోర్టు దాకా వచ్చింది ఒక్క మాజీ సైనికుడే. 2025 అక్టోబరులో అతన్ని నిర్దోషిగా వదిలేశారు. సాక్ష్యం చాలలేదు.

బయట బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దావిడతో మాట కలిపాను. ఆ రోజు ఊరేగింపులో ఉందట, పద్దెనిమిదేళ్లు. ఎవరు గెలిచారమ్మా అంటే, "ఆ రాత్రి ఐఆర్ఏ గెలిచింది" అంది. అర్థం కాలేదని చూశాను. "ముందురోజు దాకా మా వీధి కుర్రాళ్లు ఫుట్‌బాల్ అనేవాళ్లు. తెల్లారేసరికి ఐఆర్ఏలో చేరడానికి క్యూ కట్టారు. మా తమ్ముడు కూడా." తమ్ముడు ఏమయ్యాడని అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

పదిహేడో శతాబ్దపు కోటగోడ ఎక్కితే రెండోవైపు ఫౌంటెన్ కాలనీ కనబడుతుంది. రోడ్డంచులకు ఎరుపు, తెలుపు, నీలం రంగులు. నదికి ఇటువైపు మిగిలిన చిన్న ప్రొటెస్టెంట్ పేట అది. వేలల్లో ఉండేవాళ్లు భయపడి నది దాటిపోయారు, ఇప్పుడున్నది వందల్లో. 'ఇంకా ముట్టడిలోనే ఉన్నాం, లొంగిపోం' అని గోడమీద రాసుకున్నారు. కోటగోడకు ఒక పక్క సమానహక్కులు గెలిచిన పేట, ఇంకో పక్క ఊరినే పోగొట్టుకున్న పేట. సాయంత్రం 2011లో కట్టిన పీస్ బ్రిడ్జి మీద నడిచాం. పిల్లలు రెండువైపుల నుంచీ వచ్చి సైకిళ్లు తొక్కుతున్నారు. స్కూళ్లు మాత్రం వేరు వేరు. ఈ రాష్ట్రంలో రెండు వర్గాల పిల్లల్ని కలిపి చదివించాలని పెట్టిన బడుల్లో ఉన్నది నూటికి ఏడెనిమిదిమందే.

బుధవారం, స్టోర్మాంట్

రోజంతా వాన. తెల్లటి స్తంభాల అసెంబ్లీ భవనానికి మైలు పొడవు దారి, తడిసి ముద్దయ్యాం.

లెక్కలు చెప్పుకోవాలంటే ఇదే చోటు. ఆ ముప్పై ఏళ్ల గొడవల్లో దాదాపు 3,500 మంది పోయారు. సగానికి పైగా మామూలు జనం. పదిలో ఆరుగురిని చంపింది ఐఆర్ఏ లాంటి రిపబ్లికన్ దళాలు, ముగ్గురిని లాయలిస్టులు, ఒకరిని ప్రభుత్వ బలగాలు. 1998 ఏప్రిల్ 10, గుడ్ ఫ్రైడే నాడు ఒప్పందం. ప్రజల్లో అత్యధికులు కోరుకునేదాకా బ్రిటన్‌లోనే, కోరుకున్న రోజున ఐర్లండ్‌లో. ఈలోపు రెండు వర్గాలూ కలిసే పాలించాలి. ఉత్తరాన 71 శాతం సరేనన్నారు. నాలుగు వందలమందికి పైగా ఖైదీల్ని రెండేళ్లలో వదిలేశారు, వాళ్లు చంపినవాళ్ల తల్లులు టీవీలో చూస్తుండగానే.

అసలు కడుపు మండే విషయం వేరే. ఇంచుమించు ఇదే ఏర్పాటు 1973లో ఇంగ్లండ్‌లోని సన్నింగ్‌డేల్‌లో కుదిరింది. ఐఆర్ఏ వద్దంది. 1974 మేలో లాయలిస్టు కార్మికుల సమ్మె కరెంటు ఆపేసి ఆ ప్రభుత్వాన్ని రెండు వారాల్లో పడగొట్టింది. 1998 ఒప్పందాన్ని 'మందబుద్ధుల కోసం మళ్లీ సన్నింగ్‌డేల్' అన్నాడు తుపాకులు వద్దన్న కాథలిక్ వర్గం నాయకుడు షేమస్ మాలన్. ఆ పాఠం రెండోసారి చదివేలోపు రెండువేల మందికి పైగా పోయారు. వాళ్లందరూ దేనికి పోయారని ఇక్కడ ఎవరిని అడిగితే వాళ్లు మాట మార్చేస్తారు.

యూనియనిస్టులు బ్రిటన్‌ని నిలుపుకున్నారు. అయితే 2021 జనాభా లెక్కల్లో కాథలిక్ నేపథ్యం వాళ్లు 45.7 శాతం, ప్రొటెస్టెంట్లు, ఇతర క్రైస్తవులు 43.5. బ్రెగ్జిట్, అంటే బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌ని వదిలిపోవడం, కావాలని పట్టుబట్టింది యూనియనిస్టుల్లో పెద్ద పార్టీయే. దాని ఫలితంగా సరుకుల తనిఖీ గీత వాళ్లకూ ఇంగ్లండ్‌కూ మధ్య సముద్రంలో పడింది! రిపబ్లికన్లకేమో 2024 ఫిబ్రవరిలో వాళ్ల షిన్ ఫెయిన్ పార్టీ మనిషి మిషెల్ ఓనీల్ ఫస్ట్ మినిస్టర్, అంటే ఇక్కడి ముఖ్యమంత్రి, అయింది. ఏ రాష్ట్రాన్నైతే ఉండనివ్వమని వాళ్లు ఒట్టేసుకున్నారో, ఆ రాష్ట్రానికే. ఆమె డిప్యూటీ యూనియనిస్టు. అధికారాలు ఇద్దరికీ సమానం, ఒకరు రాజీనామా చేస్తే ఇంకొకరి కుర్చీ కూడా పోతుంది. అలా అలిగి అలిగి ఈ భవనం ఏళ్లతరబడి ఖాళీగా ఉన్న రోజులూ ఉన్నాయి. అయినా, అలగడం నయం. ఆ మాట స్టోర్మాంట్ మెట్లమీద నాకు గట్టిగానే అనిపించింది. అలిగినవాళ్లెవరూ ఇప్పుడు చేపల దుకాణంలో బాంబులు పెట్టడం లేదు.

గురువారం, రూము వేట

మావాడి అగ్రిమెంట్ ఈ నెలతో అయిపోతుంది. కొత్త రూము కోసం పొద్దున్నుంచి తిరిగాం. తెలుగు సీనియర్ల వాట్సాప్ గ్రూపులో ఏరియాల జాబితా ఉంది. దీపస్తంభాల మీద ఏ జెండా, రోడ్డంచుకు ఏ రంగు, రాత్రి ఎన్నింటికి తిరగొచ్చు, అన్నీ రాసి పెట్టారు. "మనకి రెండు వైపులతోనూ గొడవ లేదు కదరా" అన్నాను. అప్పుడు చెప్పాడు. 2024 ఆగస్టులో వలసొచ్చినవాళ్లకు వ్యతిరేకంగా బెల్‌ఫాస్ట్‌లో జరిగిన ఊరేగింపులో యూనియన్ జాక్, ఐరిష్ మూడురంగుల జెండా పక్కపక్కనే కనబడ్డాయట. ఆ రోజు బయటి దేశాలవాళ్ల దుకాణాలు పగలగొట్టి తగలబెట్టారు. వందేళ్లుగా పడని రెండు జెండాలు కలిసిందల్లా మనలాంటివాళ్ల మీదకే. ఆ రాత్రి సీనియర్లు లైట్లు ఆర్పేసి, పరుపులు తలుపుకు అడ్డం పెట్టుకుని కూర్చున్నారట.

మధ్యాహ్నం యూనివర్సిటీ దగ్గర ఒక రూము నచ్చింది. ఓనరు యాభై ఏళ్ల మనిషి, మర్యాదస్తుడు. కిచెన్‌లో కూరల వాసన గురించి కూడా ఏమీ అనలేదు. జూలై మొదటివారంలో దిగొచ్చా అని అడిగితే, పన్నెండో తేదీ దాటాక అయితే మంచిదన్నాడు. ఆ వారం తాను ఊళ్లో ఉండడట, సరిహద్దు అవతల డోనెగల్‌లో అత్తగారింటికి పోతాడట. ఏటా అంతేనా అని అడిగాను. "చిన్నప్పుడు మా నాన్న కారులో ఎక్కించుకుని తీసుకెళ్లేవాడు. ఇప్పుడు నా పిల్లల్ని నేను తీసుకెళ్తున్నా" అన్నాడు. ఎవరు గెలిచారన్న ప్రశ్న నా నోటిదాకా వచ్చింది. మావాడు నా మోచెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాడు. డిపాజిట్ ఇంకా ఖాయం కాలేదు.

పదిహేనో తారీఖుకి ఒప్పుకున్నాడు. ఈలోగా మావాడూ ఫ్రెండ్సూ గాల్వేలో ఎవరిదో రూములో సర్దుకుంటారట. రైస్ కుక్కర్ ఎవరు మోయాలన్నదాని మీద గ్రూపులో అప్పటికే వాదన నడుస్తోంది.